ఉమ్మ్ రాఫత్ దుప్పట్ల తప్పు లేదు

ఫిక్రీ, కొత్త నెట్ కార్డు కొనకు. దుకాణం అతనికి ఫోన్ చేసి రావద్దని చెప్పు. కంప్యూటర్ బాగైంది. నేనే చేశాను.

నాలుగిళ్ళం పంచుకున్న నెట్ వైరు మీద పై వాటా ఉమ్మ్ రాఫత్ దుప్పట్లు ఆరేస్తోందని, అందుకే నెట్ పోతోందని మెట్ల మీద నిలబడి అరిచావు. తప్పు మేడ మీద లేదు, మన కంప్యూటర్ పెట్టెలోనే ఉంది. లోపల నెట్ కార్డుకీ సౌండ్ కార్డుకీ కంప్యూటర్ ఒకే నంబరు ఇచ్చింది. ఒకటి పనిచేస్తే రెండోది ఆగిపోయేది. కరెంటు తీసేసి, నెట్ కార్డును కింది గాడిలోకి మార్చాను. తెర మీద పసుపు హెచ్చరిక గుర్తు పోయింది.

వెంటనే కువైట్‌లో ఉన్న మీ అమ్మతో మాట్లాడాను. చదవడం రాదు కదా, ఇన్నాళ్ళూ గొంతు వినపడక మనం టైపు చేసింది చూసి ఏడ్చిందట.

"ఎవరు బాగుచేశారే?" అంది.

"నేనే అత్తయ్యా," అని దుప్పట్ల గొడవ కూడా చెప్పాను.

"అనుకున్నాలే. మావాడైతే ఆ కంప్యూటర్‌ని కూడా మెట్ల మీదికి లాగి తిట్టేవాడు."

సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక నీ గొంతు వినాలని కూర్చుంటుంది. ఆ వేళకి ఎక్కడికీ వెళ్ళకు. నేను డ్యూటీకి వెళ్తున్నాను.

నాదిరా

బల్ల మీద రవ్వతో చేసిన బస్బూసా ఉంది. పెద్ద పళ్ళెం ఉమ్మ్ రాఫత్‌కి. ఆవిడ బాల్కనీ నుంచి దించే బుట్టలో పెట్టి పంపేయకు. మెట్లెక్కి, తలుపు కొట్టి, తప్పు నాదేనని నోటితో చెప్పు. చిన్న పళ్ళెం నీది. దిగి వచ్చాకే తిను.