పాత జబ్బులు: లేవు

9 జూన్ 2024, ఆదివారం

చెల్లెలు సుజిని ఫెర్టిలిటీ సెంటర్‌కి తీసుకెళ్లాను. ఆదివారం కేంపు, కన్సల్టేషన్ ఫ్రీ. వాళ్ల అత్తగారు కరుణమ్మ సబ్బవరం నుంచి చర్చిలో ఆరాధన మానుకుని మరీ వచ్చింది. కొడుకు జాన్ బాబును మాత్రం తేలేదు. అతనికీ టెస్టు చేయించాలి కదా అన్నాను. మావోడు దుక్కలాగున్నాడు, ఆడికి టెస్టులేటమ్మా, నీ టీచరీ మీ బడికాడ సూపించుకో, అంది. హాలంతా నవ్వింది. నవ్విన ఆడవాళ్లందరి చేతుల్లోనూ ఫైళ్లున్నాయి. ఒక్కదాని పక్కనా మొగుడు లేడు.

డాక్టరు నాలుగు నిమిషాలు చూశాడు. ఒక్క స్కాన్. ముప్పై నాలుగేళ్లు వచ్చేశాయి, టైం లేదు, ఇంజెక్షన్లు మొదలెడదాం అన్నాడు. ట్యూబుల టెస్టు అడిగాను. తర్వాత చూద్దామన్నాడు.

ఫారం నేనే నింపాను. ‘పాత జబ్బులు’ దగ్గర పెన్ను ఆగింది. పదిహేడో ఏట సుజికి టీబీ వచ్చింది. మందులు వాడింది, తగ్గింది. పెళ్లి మాటల్లో టైఫాయిడ్ అని చెప్పమన్నది నేనే. కరుణమ్మ నా భుజం మీంచి ఫారంలోకి చూస్తోంది. ‘లేవు’ అని రాశాను. ఎప్పుడో తగ్గిపోయిన జబ్బుతో ఇప్పుడేం పని?

10 జూన్, ఉదయం 5:30

మన బెల్లం మార్కెట్లో దిమ్మ కొనేవాడు కూడా గిల్లి చూస్తాడు, నోట్లో వేసుకుంటాడు, వెలుగులో పెట్టి రంగు చూస్తాడు. అప్పుడు గానీ రేటు మాట్లాడడు. ఆడదాని కడుపు దగ్గరికొచ్చేసరికి ఏమీ చూడక్కర్లేదు. సూది గుచ్చెయ్యడమే. పిల్లలు లేకపోతే లోపం ఆమెది, పుడితే పుణ్యం వంశానిది. ఇంత సిగ్గులేని లెక్క ఇంకెక్కడైనా ఉందా?

వ్యాసం రాస్తున్నాను. హెడ్డింగ్: ముందు మగవాణ్ణి పరీక్షించండి.

18 సెప్టెంబర్

ఇంజెక్షన్లు మూడో నెల కూడా వృథాగా పోయాయి. సుజి పొట్ట మీద సూదుల మచ్చలు నల్లబడ్డాయి.

3 అక్టోబర్

సుజి స్కూలుకి వచ్చింది. స్టాఫ్ రూంలో ఎవరూ లేరు. అక్కా, ఆ టీబీ మాట డాక్టరుకి సెప్పేద్దామా, అంది. నెలసరి కూడా మరకలాగే వత్తంది, అంది. విసుక్కున్నాను. ఇప్పుడు చెబితే మీ అత్త చేతికి కత్తి ఇచ్చినట్టే అన్నాను. లోపం మీ ఆయనదే అయ్యుంటుంది, తేలనీ, అన్నాను. తలూపింది. చిన్నప్పటి నుంచీ నా మాటకి తలూపడమే దానికి తెలుసు.

20 నవంబర్

జాన్ బాబును నేనే ల్యాబ్‌కి తీసుకెళ్లాను. బతిమాలాలి, తిట్టాలి అని సిద్ధపడి వెళ్లాను. బండి స్టాండ్ వేసి నవ్వాడు. వదినా, మా అమ్మనడిగేరు గానీ నన్నెవలడిగేరు, అడిగితే జూన్‌లోనే వచ్చేవోణ్ణి కదా, అన్నాడు.

సాయంత్రం రిపోర్టు. అంతా నార్మల్.

మూడుసార్లు చదివాను. చెల్లెలి మొగుడు ఆరోగ్యంగా ఉన్నాడని నాకు కోపం వచ్చింది. ఇది రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

28 జనవరి 2025

ఐవీఎఫ్. రెండు పిండాలు పెట్టారు. ఈసారీ గర్భసంచి లోపల ఎవరూ చూడలేదు. నేనూ గొడవ పెట్టలేదు.

12 ఫిబ్రవరి

నిలవలేదు.

14 మార్చి

విశాఖలో వేరే డాక్టరమ్మ. మొదటిరోజు కరుణమ్మను బయట కూర్చోబెట్టి నలభై నిమిషాలు ప్రశ్నలే. చిన్నప్పుడు టీబీ గానీ వచ్చిందా అంది. సుజి నా వైపు చూసింది. నేను గోడ మీది బొమ్మ చూశాను. సుజే చెప్పింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

ఈ రోజు గర్భసంచి లోపల కెమెరాతో చూశారు. లోపలి గోడలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పొర మిగల్లేదు. పాత టీబీ పనే. ఆ పిండాలకు కుదురుకునే చోటే లేదట. ఈ ఒక్క మాట ముందే తెలిస్తే ఒక్క సూదీ వేసేవాళ్లం కాదు, మొదట లోపల చూసేవాళ్లం, అతుకులు అప్పుడే విడదీస్తే కొంత ఆశ ఉండేదేమో, అంది. ఇప్పుడో, అన్నాను. సుజి కడుపున ఇక మొయ్యలేదు అంది.

పదో తరగతికి టీబీ గురించి ఏటా చెబుతాను. ఊపిరితిత్తుల దగ్గరే ఆపేస్తాను.

23 మార్చి

వ్యాసం అచ్చయింది. పరీక్షలు చేయకుండా వైద్యం అమ్ముకునే సెంటర్లను చీల్చి చెండాడాను. ప్రతి అక్షరం నిజం. పొద్దున్నించీ ఫోన్లే. మీకే చెల్లింది మేడం అన్నారు.

పదకొండుకి సుజి చేసింది. బాగా రాసేవక్కా, అంది. నా పేరు మార్చేవు, మంచిదే. ఆ ఫారం ఎవలు నింపేరో రాయనేదేటి, అంది.

నిడివి ఎక్కువైందని చెప్పాను.

9 ఏప్రిల్

సుజి ఇంట్లో అంతా చెప్పేసిందట. కరుణమ్మ నోటికి సిద్ధమై కూర్చున్నాను. ఆవిడ ఫోనే చెయ్యలేదు. జాన్ బాబు చేశాడు. చర్చిలో స్త్రీల కూడికలో పదకొండు మంది మోకరించి, పుష్పకుమారి టీచర్ని క్షమించమని అరగంట ప్రార్థన చేశారట. దేవుణ్ణి నమ్మని నా కోసం.

అది మీ అమ్మ నాటకం అన్నాను.

అమ్మ కాదు, సుజే మొదలెట్టింది వదినా, అన్నాడు.