ఇంజన్ మీద పెట్టిన టీకా

అక్కా,

నువ్వు పోయి పదకొండు నెలలైంది. ఇక్కడ మళ్లీ వానలు పట్టాయి. సిద్దిపేటలో ఇంటికొకరు దగ్గుతున్నారు. వారం నుంచి నాకు కుదురు లేదు. రాయాల్సిన వార్తలు బల్ల మీదే ఉన్నాయి. ముందు నీకు చెప్పాల్సింది ఉంది.

పోయిన వానాకాలంలో నేను రాసిన వార్త... సింగిల్ కాలమ్. 'మామూలు ఫ్లూ జ్వరాలే, భయం వద్దు' అని శీర్షిక. అధికారుల ప్రకటన చేతికొచ్చింది, తిరగరాసి పంపాను. ఏ డాక్టరునూ అడగలేదు. ఇరవై ఏళ్లుగా రిపోర్టరును, ఆ రోజు ఒక్క ప్రశ్న వేయలేదు.

నువ్వు మిరుదొడ్డిలో నర్సుగా ఇల్లిల్లూ తిరుగుతున్నావు. నీకూ జ్వరం తగిలింది. సెలవు పెట్టమంటే ఆ పేపరే తెచ్చి నా ముందు పెట్టావు.

"నువ్వే రాసినవ్ గదరా తమ్మీ, మామూలుదని. గిప్పుడు పండుకోమంటవేంది?"

నవ్వుతూనే అన్నావు. ఇంకో నాలుగు రోజులు డ్యూటీకి పోయావు. ఆ తర్వాత హైదరాబాదు దవాఖాన... కాగితం మీద న్యుమోనియా అని రాశారు. దానికి ముందు వచ్చింది ఫ్లూయేనా? ఎవరూ పరీక్షించలేదు. నేను ఆ వార్త రాయకపోతే నువ్వు పండుకునేదానివా? అదీ ఖాయంగా చెప్పలేను.

బావ టైలరింగ్ షాపు తీసిన రోజుకన్నా మూసిన రోజులే ఎక్కువ. కుట్టుకు ఇచ్చిన బట్టలు జనం వాపసు తీసుకుపోతున్నారు. ఆయనకు ఉబ్బసం దమ్ము ఉందన్న సంగతి నీకు చెప్పక్కర్లేదు. వాన మొదలైన రోజు ఆయన గోడకు ఆనుకొని ఊపిరి కోసం తన్లాడుతుంటే పక్కన కూర్చుని వీపు రాశాను. ఈ మనిషికి కూడా ఆ జ్వరం తగిలితే?

మర్నాడే హైదరాబాదు పోయి ఊపిరితిత్తుల డాక్టరును కలిశాను. పోయినేడు అడగాల్సిన ప్రశ్నలన్నీ ఇప్పుడు అడిగాను. ఫ్లూకు టీకా ఉందట అక్కా. బయటి దేశాల నుంచి వస్తుంది, చెప్పి పెడితే మందుల షాపువాళ్లు తెప్పిస్తారు. మామూలు పడిశాన్ని ఆపదు. ఫ్లూను కూడా ప్రతిసారీ ఆపుతుందని హామీ లేదు. కానీ దమ్మున్నవాళ్లకు ప్రాణం మీదికి రాకుండా చాలాసార్లు కాపాడుతుంది. ఇన్నేళ్లు పిల్లలకు టీకాలు వేసినదానివి, నీకు ఈ సంగతి తెలుసా? తెలిస్తే మాకెందుకు చెప్పలేదు? తెలియకపోతే... నీకెవరూ చెప్పలేదన్నమాట.

బావ హైదరాబాదు రానన్నాడు. నిన్ను తీసుకుపోయిన దారి, ఆ ఊరిపేరు ఎత్తితేనే లేచి అవతలికి పోతాడు. టీకానే ఇక్కడికి రావాలి. అక్కడ నేనొక తప్పు చేశాను.

నా వార్తల కవరు రోజూ సాయంత్రం బస్సు డ్రైవరు చేతిలో హైదరాబాదు పోతుంది కదా. అక్కడి నుంచి ఏం రావాలన్నా అట్లాగే వస్తుంది. షాపువాళ్లకు ఫోన్ చేసి, టీకాను ఐసుతో సహా డ్రైవరుకు ఇమ్మన్నాను. ఆయన పాపం, నా కవర్లు ఎక్కడ పెడతాడో అక్కడే పెట్టాడు. తన పక్కన, ఇంజన్ బానెట్ మీద. సిద్దిపేటలో డబ్బా తెరిస్తే ఐసు లేదు. వేడినీళ్లలో సీసా తేలుతోంది.

అప్పుడు గుర్తొచ్చావు. మిరుదొడ్డి బస్సులో కండక్టరు నీ టీకాల డబ్బా ముందు పెట్టమంటే కొట్లాడేదానివి.

"కూసోనీకి జాగ లేకుంటే నేను నిలవడ్త గని, ఈ డబ్బను ఇంజన్ మీద పెట్టనియ్య."

ఎన్నిసార్లు విన్నాను ఆ మాట! విని నవ్వాను తప్ప ఎందుకని అడగలేదు. అదీ అడగలేదు.

వేడికి పాడైన ఆ సీసా పారేసి, మళ్లీ చెప్పి పెట్టి, ఈసారి నేనే పోయాను. తిరుగు బస్సులో వెనక సీటు, ఎండ పడని వైపు, డబ్బా ఒళ్లో. గజ్వేల్‌లో చాయ్‌కి కూడా దిగలేదు. నీ జాగలో వచ్చిన నర్సమ్మ నిన్న మన ఇంటికొచ్చింది.

ఒక నిజం మాత్రం దాచాను. ఈ టీకాకు వాడే వైరస్‌ను కోడిగుడ్లలో పెంచుతారట. నిన్న శనివారం. శనివారం బావ గుడ్డు ముట్టడని నీకు తెలుసు. మిగతా రోజుల్లో తింటాడు కనుక ఆరోగ్యానికి ఇబ్బంది లేదని డాక్టరు చెప్పాడు. ఆయనకు నేనింకా చెప్పలేదు. చెప్తే నువ్వు నవ్వేదానివి, ఆయన నవ్వడు.

సూది వేస్తున్నంతసేపు బావ గోడవైపే చూశాడు. ఇన్నేళ్లు నీ చేత్తో తప్ప సూది వేయించుకోలేదు కదా. పని చేయడానికి రెండు వారాలు పడుతుందని, ఫ్లూ వైరస్ రూపం మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి దీని బలం ఏడాదికి మించి ఉండదని నర్సమ్మ చెప్పింది. ఈ రెండు వారాలు ఎట్లా గడుస్తాయో నాకు తెలియదు. ఆయన దగ్గినప్పుడల్లా లేచి చూస్తున్నాను.

ఆమె పోయాక, చొక్కా చెయ్యి దించుకుంటూ బావ అడిగాడు... అయితే వచ్చే ఏడు కూడా వేయించుకోవాల్నా అని.

వేయించుకోవాలన్నాను. నువ్వు పోయాక ఆయన నోట 'వచ్చే ఏడు' అన్న మాట వినడం ఇదే మొదటిసారి అక్కా.

వచ్చే ఏడు కూడా నేనే పోయి తెస్తాను.

నీ తమ్ముడు