ఎడమ సాక్సులో నాపరాయి

తాండూరు,
డిసెంబరు 2.

వికారాబాద్ రైల్వే గేటు పక్కన ఊలు సాక్సులు బాగుచేసే శ్యామలమ్మ గారికి, బండల పాలిష్ యూనిట్‌లో రెండో మిషన్ మీద పనిచేసే రాజేందర్ నమస్తే.

నేను మీకు తెలియదు. మీరు నాకు తెలియదు. అదే మంచిది. ఈ పని తెలిసినవాళ్ళతో చేయించుకునేది కాదు.

సంచిలో రెండు సాక్సులున్నాయి. కుడిదానికి బొటనవేలి దగ్గర చిల్లు. ఎడమదానికి మడమలో ఉండేది, ఇప్పుడు లేదు. ఎందుకు లేదో చెప్తాను, నవ్వొద్దు. మా దగ్గర బండకు గుంత ఉంటే రాతిపొడిలో బంక కలిపి నింపుతాం. ఆరినాక మిషన్ తిప్పితే, కొనేవాడు మోకాళ్ళ మీద కూర్చుని వెతికినా గుంత దొరకదు. ఆ తెలివి సాక్సు మీద చూపించాను. చిల్లు పూడింది. మడమ బండ అయింది. తొడుక్కుని నడిస్తే ఒక కాలికి నాడా కొట్టిన గుర్రం నడిచినట్టుంది.

ఇవి నేను చేసుకోబోయే పిల్ల అల్లింది. పేరు రాయను, వికారాబాద్ చిన్న ఊరు. ప్రధానం అయిపోయింది, పెళ్ళి కందులు అమ్మినాక. "ఆరు నెలలు కూసున్న వీటి మీద. పైలంగ చూస్కో" అని చేతిలో పెట్టింది. క్రిస్మస్ ముందు ఆదివారం, ఇరవై రెండో తారీఖున, వాళ్ళింట్లో భోజనం. మొదటిసారి పోతున్నాను. ఎంత మంచి బూట్లయినా గడప దగ్గర విప్పాలి కదా! విప్పితే నాకంటే ముందు నా బొటనవేలు అందరికీ నమస్తే పెడుతుంది. "సాక్సులు చూసుకోనోడు నన్నేం చూసుకుంటడు" అని ఆమె అనుకుంటే నా పెళ్ళి అక్కడితో సరి.

కాబట్టి చిల్లు పూడ్చాలి. పూడ్చినట్టు ఎవరికీ తెలియొద్దు. పంతొమ్మిదిలోగా కావాలి.

ఫోన్ చేద్దామంటే, మా బండలు మోసే డీసీఎం డ్రైవర్ భీమయ్య, "ఆమెకు చెవుడు. నువ్వొకటంటే ఆమె ఒకటింటది. కాయితం రాయి, నేనిస్త" అన్నాడు. రాశాను.

ఇట్లు,
తొందరలో ఉన్న రాజేందర్

తా.క.: ఎడమ సాక్సు కాలి మీద పడేసుకోకండి. భీమయ్య ఇప్పటికే కుంటుతున్నాడు.

•

వికారాబాద్,
డిసెంబరు 5.

రెండో మిషన్ రాజేందర్‌కు, ముఖం చూడకపోయినా కొడుకులాంటివాడివే అనుకుని శ్యామల దీవెనలు.

ఈ వారమంతా అనంతగిరి గుట్టల మీది పొగమంచు కిందికి దిగి, పట్టాల దాకా వచ్చి కూర్చుంటోంది. పొద్దున వచ్చే రైలు కంటికి కనపడదు. కూత నాకు ఎటూ వినపడదు. కాళ్ళ కింద నేల వణికితే, వచ్చినట్టుంది అనుకుంటాను. అట్లాంటి పొద్దున నీ సంచి విప్పాను. ఎడమ సాక్సును బల్ల మీద పెడితే అది పడుకోలేదు, నిలబడింది. చాలాసేపు ఒకరినొకరం చూసుకున్నాం.

ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో ఆయాగా చేశాను. అల్లిక అక్కడి పెద్ద నర్సమ్మ నేర్పింది. ఎన్నో సాక్సులు చూశాను కానీ ఇంత పనితనం చూడలేదు. నీది కాదు, అల్లినామెది. మడమ దగ్గర అల్లిక మళ్ళిన తీరు చూశావా? వాగు గుట్టను చూసి తనంతట తాను పక్కకు తిరిగినట్టుంది. ఒక కుట్టు బిగువు, ఒక కుట్టు వదులు అనేది లేదు. అట్లాంటి చేతులను మొక్కాలి.

రఫూ అంటే గుంత నింపడం కాదు నాయనా. ముందు నిలువు పోగులు వేయాలి, తర్వాత అడ్డం పోగు ఒకదాని మీంచి, ఒకదాని కిందనుంచి పోవాలి. చిల్లు చుట్టూ బతికి ఉన్న కుట్లను, "జర జరగుండ్రి, కొత్తోళ్ళొస్తున్నరు" అని బతిమాలాలి. తొందరపెడితే వినవు. నీలాంటివే.

నీ పాదం కొలత కావాలి. కాగితం మీద కాలు పెట్టి చుట్టూ గీత గీసి పంపు.

ప్రార్థనలో నిన్ను తలుచుకునే,
శ్యామల

తా.క.: ఆరు నెలలు అన్నావు. ఇది చెయ్యి తిరిగినామెకు నాలుగు రోజుల పని. మిగతా రోజులన్నీ ఆ పిల్ల ఏం చేసిందో అడిగావా?

•

తాండూరు,
డిసెంబరు 8.

శ్యామలమ్మ గారికి, నమస్తే పెట్టే ఓపిక లేని రాజేందర్ రాసేది.

మీరు అడిగిన గీత పంపుతున్నాను. మిషన్ ఆపితే మేస్త్రీ గొంతు లేస్తుంది. అందుకని సిమెంటు సంచి కాగితం పరిచి, ఎట్లా నిలబడి ఉన్నానో అట్లాగే దాని మీద నిలబడితే, పక్క మిషన్ బీరప్ప బొగ్గుతో చుట్టూ గీశాడు.

ఇప్పుడు అసలు సంగతి. చిల్లు పూడ్చమంటే నా బుర్రలో చిల్లు పెడతారా? నేను అనుమానపు మనిషిని కాను. కానీ మీ ఉత్తరం చదివినాక మూడు బండలు పాడు చేశాను. బండ మీద నీళ్ళు పోస్తుంటే నీళ్ళలో కూడా "నాలుగు రోజులు" అనే కనపడింది. తట్టుకోలేక ఆ పిల్లకే ఫోన్ చేసి, "సాక్సులకు నిజంగ ఎన్ని రోజులు పట్టింది?" అని అడిగేశాను. అటువైపు బిందె చప్పుడైంది. తర్వాత, "నల్లా వచ్చింది, నీళ్ళు పట్టుకోవాలె" అని పెట్టేసింది. మధ్యాహ్నం రెండింటికి ఏ నల్లా వస్తుందండీ?

మీ పొగడ్తల మీద కూడా నాకు నమ్మకం లేదు. ఇంత పొగుడుతున్నారంటే ఆ అల్లిక చూసి నేర్చుకుని అమ్ముకునే ఆలోచన ఉన్నట్టుంది. అది ఆమె సొంత పనితనం. దాని జోలికి పోతే ఊరుకోను.

ఇట్లు,
రాజేందర్

తా.క.: ఆ చేతులను మొక్కాలన్నారు. నేను చూశాను వాటిని. కుడి చేతి మీద నూనె చిటపటలాడి కాలిన మచ్చ ఉంది, కందిబద్దంత. మొక్కడానికి కాదు గానీ, పొద్దుగూకేదాకా చూస్తూ కూర్చోవచ్చు.

•

వికారాబాద్,
డిసెంబరు 11.

కోపిష్టి రాజేందర్‌కు, కోపం తగ్గించే దేవుడు తోడుండాలని కోరే శ్యామల రాయడం.

నీ పాదం ముట్టింది. టేపు పెట్టాను. పద్నాలుగున్నర అంగుళాలు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టాను. పద్నాలుగున్నరే.

కొడుకా, నా దగ్గర సిగ్గుపడకు. ఆసుపత్రిలో ఏనుగు కాలు జబ్బు నేను చూడనిది కాదు. దానికి మందులున్నాయి. నీళ్ళలో నిలబడి పనిచేస్తావాయె, దోమలు కుట్టి ఉంటాయి. నా ఫికర్ ఒక్కటే. ఆ పిల్లకు తెలుసా? సాక్సు చిల్లు దాచినవాడివి కాలు దాచకుండా ఉంటావా? చెప్పెయ్యి. పెళ్ళయ్యాక బయటపడేకంటే ముందే చెప్పడం మేలు.

నీకు పాత సాక్సు ఎట్లా పట్టిందో కానీ, అందుకే చిల్లులు పడ్డాయని అర్థమైంది. ఎడమదాన్ని రెండు రోజులు వేడి నీళ్ళలో నానబెట్టాను. మడమ కరగలేదు. నీ బండ బండే. అందుకని మడమ కోసేసి, మిగతాదంతా విప్పేశాను. ఊలు కుంకుడురసంలో ఉతికి తీగ మీద ఆరేశాను. ఎండలో అది మెలికలు మెలికలుగా ఊగుతుంటే, నిన్నటిదాకా తాను సాక్సునన్న సంగతి మరచిపోలేక తిప్పలు పడుతున్నట్టుంది. నీ కొత్త కొలతకు మళ్ళీ మొదలుపెట్టాను.

మధ్యాహ్నం కునుకులో కల వచ్చింది. నీ పెద్ద పాదం ఒక్కటే అనంతగిరి మీద మెల్లగా నడుస్తోంది. అది అడుగు వేసినచోటల్లా మంచు పక్కకు జరుగుతోంది. వెనక చిన్న పాదాలు రెండు, ఆ జరిగిన దారిలో ఉరుకుతున్నాయి. లేచేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. ఎందుకో తెలియదు.

ఇట్లు,
శ్యామల

తా.క.: సగం అయింది. మా పిల్లి అందులో దూరి పడుకుంది. తోక కూడా బయటికి లేదు.

•

తాండూరు,
డిసెంబరు 15.

శ్యామలమ్మకు. 'గారు' కావాలనే తీసేశాను.

అది బూటు! నీళ్ళలో పనిచేసేటోళ్ళం గంబూట్లు వేసుకుంటాం. గంబూటు చుట్టూ గీశాడు ఆ బీరప్ప. నా కాలు తొమ్మిదో నంబరు. ఏనుగు కాలు లేదు, గుర్రం కాలు లేదు. అద్దాలు తుడుచుకున్నా నీ కళ్ళకు బూటుకూ కాలుకూ తేడా తెలియదా ముసలమ్మా?

విప్పేశావా? ఎవరినడిగి విప్పావు? మడమ మళ్ళిన తీరు వాగు లెక్క ఉందని నువ్వే రాశావు. ఆ వాగును నీ చేతులతోనే లాగేశావా? మా యూనిట్‌లో బండ పగిలితే తెల్లారి ఇంకో బండ వస్తుంది. ఇది ఎక్కడినుంచి వస్తుంది?

ఉత్తరం ఇక్కడ ఆపి నీళ్ళు తాగొచ్చాను. ఒక మాట రాస్తాను. ఇది ఆమెకు చెప్పాల్సింది, నీకు చెప్తున్నాను.

చిన్నప్పటి నుంచి మా అన్న విడిచిన చొక్కాలు, మేనమామ విడిచిన చెప్పులు వేసుకున్నాను. నా కొలతకు చేసింది ఒకటి లేదు. ఇవి తొడిగిన రోజు, నా వేళ్ళు ఎక్కడ అయిపోతాయో సాక్సు అక్కడే అయిపోయింది. బీరప్ప "మంచి రోజుకు దాసుకోరా" అన్నాడు. పొద్దంతా బురద నీళ్ళలో నిలబడేవాడికి మంచి రోజు ఏ బస్సుకు వస్తుంది? అందుకే రోజూ గంబూటు లోపల వేసుకున్నాను. లోపల నాదంటూ ఒకటుంటే మిషన్ చప్పుడు ఎటో దూరం పోతుంది. తడి బండలో మబ్బులు కనపడతాయి. వాటి మీదే నిలబడి ఉన్నాననిపిస్తుంది. అట్లా నిలబడి నిలబడి చిల్లు పెట్టాను.

ఇంక నీ రఫూ వద్దు. ఆదివారం ఉత్త కాళ్ళతో పోతాను. గడప దాటకముందే, అందరి ముందు చెప్తాను. "చిల్లు నేనే పెట్టిన. దాచిపెట్టబోయిన. రాయి నింపిన. ఒక ముసలామెకిస్తే మొత్తం ఇప్పేసింది. పెండ్లి వద్దంటే ఎనక్కి పోత. కానీ అబద్ధం తొడుక్కొని నీ ఇంట్ల అన్నం తిన."

ఇట్లు,
రాజేందర్

తా.క.: కుడిదాన్ని ముట్టుకోవద్దు. చిల్లుతోనే పంపించు. అందులో ఇంకా ఆమె కుట్లున్నాయి.

•

వికారాబాద్,
డిసెంబరు 18.

మా అక్షరను చేసుకోబోయే రాజేందర్‌కు, వాళ్ళ అమ్మమ్మ శ్యామల దీవెనలు.

కూర్చున్నావా? కూర్చో.

మీ ఊరు బంట్వారంలో ప్రధానం జరిగిన రోజు నాకు కంటి ఆపరేషన్. అందుకే నన్ను నువ్వు చూడలేదు. నీ సంచి విప్పిన రోజే ఎవరివో నాకు తెలిసింది. ఎవరి కుట్టు వాళ్ళకు తెలియదా? ఆ సాక్సులు అల్లింది నేను, పిల్ల చెప్పిన అందాజా కొలతకు, నాలుగు రోజుల్లో. ఆ పొగడ్తలన్నీ నాకు నేనే రాసుకున్నాను. ఈ వయసులో నన్ను పొగిడే దిక్కు లేదు, సందు దొరికింది, వాడుకున్నాను.

పిల్ల అబద్ధం ఆడిందని తిట్టకు. ఆరు నెలలు నిజం. రోజూ పని నుంచి వచ్చి సూదులు పట్టుకునేది. అల్లేది, విప్పేది. చివరికి తేలినదాన్ని సాక్సంటే సాక్సు ఒప్పుకోదు, జల్లెడంటే జల్లెడకు కోపం వస్తుంది. "ఆయనకు అన్నీ వేరేటోళ్ళు ఇడిసినవేనంట అమ్మమ్మా, ఒక్కటన్న నా చేతితోని ఇయ్యాలె" అని ఏడిస్తే నేను అల్లిచ్చాను. ఎవరు అల్లారని నువ్వు అడగలేదట. ఆమె చెప్పలేదు. నువ్వు ఫోన్‌లో అడిగిన రోజు మా నల్లా నిజంగానే రాలేదు. పిల్ల ఖాళీ బిందె పట్టుకుని చాలాసేపు నిలబడింది.

నేను మాట దాచేదాన్నే. కానీ మొన్న చలికి గేటు దగ్గరికి పోలేదు. భీమయ్య నీ ఉత్తరం ఇంటికే తెచ్చాడు. నాకు చెవుడు కదా, ఏది చదివినా నాకు వినపడేట్టు చదువుకుంటాను. నాకు వినపడిందంటే వీధికి వినపడ్డట్టే. గంబూటు దాకా వచ్చేసరికి మా అల్లుడు వాకిట్లో పేపరు దించాడు. మబ్బుల దాకా వచ్చేసరికి మా బిడ్డ పొయ్యి ఆపేసింది. "అబద్ధం తొడుక్కొని" అన్నప్పుడు తలెత్తి చూస్తే, అక్షర తలుపు దగ్గర నిలబడి ఉంది.

నవ్వలేదు, ఏడవలేదు. నా పెట్టెలోంచి ఆ సిమెంటు కాగితం తీసి నేల మీద పరిచింది. నీ బొగ్గు గీత లోపల రెండు పాదాలూ పెట్టి నిలబడింది. రెండూ పట్టాయి. కిటికీలోంచి మంచు లోపలికి వస్తోంది.

తర్వాత నాతో, "ఆయన గడపల నిలబడి అందరి ముందు చెప్తే నేను లోపల దాక్కోవాలె. ముందు నేనే తప్పు చేసిన అని రాయి అమ్మమ్మా. పెండ్లి వద్దనే మాట ఇంకోపారి రాస్తే మాత్రం ఊకోనని కూడ రాయి" అంది. రాశాను.

కుడి సాక్సు నువ్వు చెప్పినట్టు నేను ముట్టుకోలేదు. ఆమే ముట్టుకుంది. పక్కనే కూర్చుని నిలువు పోగు, అడ్డం పోగు చూపిస్తున్నాను. ఇప్పటికి చిల్లు పూడింది, దాంతోపాటు సాక్సు నోరు కూడా పూడింది. రేపు విప్పి మళ్ళీ మొదలుపెడుతుందట. ఎడమది పిల్లి ఇవ్వనంటోంది. కాబట్టి నువ్వు ఉత్త కాళ్ళతోనే రావాలి.

నిన్ను మొదట గడపలో చూడబోయే ముసలమ్మ,
శ్యామల

తా.క.: ఆదివారం ఎవరూ నీ కాళ్ళ వంక చూడొద్దని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను. అంటే అందరూ వాటినే చూస్తారు. మడమలు బాగా రుద్ది కడుక్కుని రా.