ఊరంతా చూడి ఆవులే

కంబదూరు,
14-7-2002

అమ్మా, నేను కులాసా. పడక పశువుల ఆసుపత్రి వరండాలోనే, తిండికి లోటు లేదు.

ఇక్కడ జెర్సీ ఆవులకు పిడుదుల వల్ల వచ్చే జ్వరం తగలకుండా డాక్టరుతో కలిసి సూదులు వేస్తున్నాను. చూడి ఆవులకు మాత్రం సూది వేయబోమని నిన్న దండోరా వేయించాం. తెల్లారేసరికి ఊళ్లో ఆవులన్నీ చూడివైపోయాయి! సూది పడితే పాలు తగ్గుతాయని వీళ్ల భయం. వానల్లేక శెనక్కాయ పోయింది, ఇళ్లు పాల మీదే నడుస్తున్నాయి. ఒక్క నల్లమ్మ అనే ఆమె మాత్రం పెయ్యను లాక్కొచ్చి నిలబెట్టింది. "పోయినేడాది నేనూ మా ఆవు చూడిదనే చెప్పినానప్పా. జరమొచ్చి నా కండ్ల ముందరే సచ్చిపాయ. దీనికి ముందు ఎయ్యి" అని ఏడ్చింది. అది విని మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే పలుపులు విప్పారు.

నాయన మోకాలి నొప్పి తగ్గిందా? నా పాత దుప్పటి బస్సులో పంపు. వచ్చే వారం మన తనకల్లులోనూ సూదులు వేస్తారు, మన ఆవును తప్పక తోలుకుపో. పోయినేడాది అక్కడ సూదులేసింది ఈ డాక్టరే, అది చూడిదని ఆయనకు చెప్పింది నువ్వేనట. ఇంతవరకూ ఈననే లేదు కదమ్మా.

నాయనకు దండాలు.
నీ కొడుకు,
తిప్పేస్వామి