కుర్చీ కింది చిరుగు

ఏమండీ,

హాల్లో వినైల్ షీటు నేను దసరాకు బకెట్లతో నీళ్లు పోసి కడిగినందుకే లేచిందని మీరు పోయేదాకా అన్నారు. తప్పు. ఇవాళ దోమకొండ నుంచి షీట్లు అతికే సలీం వచ్చి చూపించాడు. ముందు మీ కుర్చీ కాలు దాన్ని చింపింది. ఆ చిరుగులోంచే నా దసరా నీళ్లు లోపలికి దిగాయి. కాబట్టి నేను రెండో ముద్దాయిని మాత్రమే.

వచ్చే వారం మీ సంవత్సరీకం. చుట్టాలు తట్టుకుని పడతారని బాగు చేయించాను. ఆ రకం షీటు ఇప్పుడు కామారెడ్డిలో దొరకదట. అందుకని సలీం లోపలి గదిలో నా మంచం కింద ఉన్న అదే షీటులోంచి ఒక ముక్క కోసి తెచ్చి, చిరిగిన చోట పువ్వుకు పువ్వు కలిపి అతికించాడు. అతుకు ఎక్కడుందో తెలియడం లేదు. పనితనం బాగుంది, కానీ మీరు రోజూ కూర్చుని పేపరు చదివిన చోటు కూడా తెలియకుండా పోయింది.

“గీ చిరిగిన ముక్క పారేస్తున్న అవ్వా,” అన్నాడు.

“పారేస్తే నా మంచం కింద ఖాళీ ఎవరు పూడుస్తరు? అది గక్కడ అతికియ్యి.”

“చిరిగిందే పెట్టుమంటవా?”

“మంచం కింద నీకేం పని? ఊడ్చేదాన్ని నేను.”

నవ్వుకుంటూ అతికించాడు. మీ కుర్చీ కాలు చేసిన చిరుగు ఇప్పుడు నా తల దిక్కున ఉంది.

జిగురు ఆరేదాకా, అంటే రేపు సాయంత్రం వరకు, హాల్లో కాలు పెట్టొద్దట. వచ్చేదుంటే వెనక తలుపు నుంచి రండి. లోపలికి వచ్చాక గడియ పెట్టండి, పిల్లి దూరుతుంది.