ఆరో పేజీలో ఒక వాక్యం

బహియా బ్లాంకా,
14 ఆగస్టు 1997

ప్రాణమైన అమ్మా,

నువ్వు పంపిన ఊలు స్వెట్టరు వేసుకునే ఇది రాస్తున్నాను. ఇక్కడి గాలి కిటికీలను ఊడబెరికేలా ఉంది. ఎల్విరా మేడం తన గదిలోని హీటరు నా బల్ల దగ్గరికి జరిపి, "సన్నగా ఉన్నదానివి, నీకే చలెక్కువ" అన్నారు. ఆమె దగ్గర గూఢలిపి గణితం నేర్చుకోవడం నా అదృష్టం. పదకొండేళ్ల కిందట ఆమె ఒక పద్ధతి కనిపెట్టారు. సందేశానికి వేసే తాళం అనుకో. తాళంచెవి లేనివాళ్లు దాన్ని తెరవలేరు.

ఆమె పదోన్నతి కోసం బ్యూనస్ ఐరిస్‌లోని సంఘం ఒక లెక్క అడిగింది: ఆ పద్ధతి గురించి ఆమె అచ్చువేసిన పత్రాన్ని ఎంతమంది తమ పత్రాల్లో ఉదహరించారు? లెక్కపెట్టే పని నాది. ఎవరు ఎవరిని ఉదహరించారో చెప్పే సూచికలు గ్రంథాలయంలో ఇటుకల్లా ఉంటాయి, చీమ తలకాయంత అక్షరాలు. గ్రంథపాలకుడు బాతిస్తా గారు భూతద్దం ఇచ్చి, "పేలు చూసినట్టు చూడమ్మా, ఒక్కటి తప్పిపోయినా మీ మేడం నీ జుట్టు పీకుతుంది" అన్నారు. నెలంతా చూస్తే తొమ్మిది దొరికాయి. అందులో నాలుగు ఆమెవే.

అమ్మా, అసలు చెప్పాల్సింది వేరే ఉంది. ఆ పత్రం ఆరో పేజీలో "ఈ విషయం స్పష్టమే" అని ఒక వాక్యం ఉంది. నాకు ఈ మధ్య మాటల పిచ్చి పట్టింది కదా, ఆ మాట దగ్గర ఆగిపోయాను. స్పష్టమైతే నాకెందుకు కనబడదు? మొద్దునేమో అనుకుని రుజువు రాయడానికి కూర్చున్నాను. మూడు వారాలు కుదరలేదు. చివరికి తెలిసింది, అది నిజం కాదు. ఆ సందు గుండా లోపలికి వెళ్లవచ్చు. ప్రయోగశాల కంప్యూటరు మీద నేను వెళ్లాను. చెవి లేకుండానే ఇరవై నిమిషాల్లో తాళం తెరుచుకుంది.

పంతొమ్మిది రోజులుగా ఆ కాగితాలు నా బట్టల కింద ఉన్నాయి. వచ్చే నెల ఆమె ఫైలు వెళ్లిపోతుంది. చెబితే ఆ పత్రానికి విలువ ఉండదు. ఆమెకున్నది అదొక్కటే. అందుకే చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. ఇది దాచుకుని రోజూ ఆమె ఎదుట కూర్చోలేను, చదువు ఆపేసి డిసెంబరులో ఇంటికి వచ్చేస్తాను. మన ఊరి బడిలో లెక్కలు చెప్పుకుంటాను. కోప్పడకు.

నీ
మైతేనా

దొర్రెగో,
22 ఆగస్టు

బంగారు తల్లీ,

నీ లెక్కలు నాకు అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆ తప్పు ఆవిడకి రేపెవరో పరాయివాడు చెబితే, అది నీకు ముందే తెలుసని కూడా తెలిస్తే, ఆవిడ మొహం ఎలా చూస్తావే? హీటరు జరిపిన మనిషికి నువ్విచ్చేది ఇదా? నోరు విప్పు. తర్వాత రావాలనిపిస్తే రా, నీ మంచం ఎక్కడికీ పోదు.

అమ్మ

బహియా బ్లాంకా,
20 మార్చి 1998

నా మంచి అమ్మా,

ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పాను. మొత్తం కాగితం మీద పెట్టాలని ఉంది.

నీ ఉత్తరం అందిన మర్నాడే కాగితాలు ఆమె ముందు పెట్టాను. మేడం ఇక్కడి ఆకుల టీ, మాతే, తాగుతూ చదవడం మొదలుపెట్టి, రెండో పేజీకి గిన్నె పక్కన పెట్టేశారు. లేచి బోర్డు దగ్గరికి వెళ్లి నా అడుగులన్నీ మళ్లీ వేశారు. చివరికి సుద్దముక్క కింద పెట్టి, "ఎన్నాళ్లయింది?" అన్నారు.

"ముప్పై మూడు రోజులండీ."

"ముప్పై మూడు రోజులు నా బిస్కెట్లు తింటూ నోరు మూసుకున్నావా? దొంగపిల్లా!"

ఏడ్చేశాను. ఆమె తన రుమాలు ఇచ్చారు, దాని నిండా సుద్దపొడే.

"ఆ వాక్యం రాసిన రోజు నాకు రుజువు రాయడానికి బద్ధకం వేసింది" అన్నారు. "తొమ్మిది సార్లు ఉదహరించారని మురిసిపోయాను. ఒక్కళ్లయినా ఆరో పేజీ చదివారా? చదివింది నువ్వే. పదకొండేళ్లు ఎదురుచూశాను పిల్లా, దీన్ని ఎవరైనా పడగొట్టబోతారా అని. తాళం వేసిన ఇంటికి ఏ దొంగా రాకపోతే లోపలేమీ లేదనుకుంటారు."

ఆమె తన ఫైలు మొదటి పేజీలోనే రాశారు: "ఈ పద్ధతిని నా విద్యార్థిని ఛేదించింది." వద్దని బతిమాలాను, వినలేదు. సంఘం పదోన్నతి ఇవ్వలేదు. ఆ రోజు నా కంటే ముందు బాతిస్తా గారు సంఘాన్ని తిట్టడం మొదలుపెట్టారు. మేడం మాత్రం, "అరవకండి, మీది గ్రంథాలయం" అన్నారు.

ఆ తాళం తెరిచిన తీరు గురించి నేను రాసిన పత్రం మీద ఆమె పేరు కూడా రాస్తే కొట్టేశారు. "పడగొట్టింది నువ్వు, మధ్యలో నేనెందుకు?" కృతజ్ఞతల పంక్తి మాత్రం కొట్టనివ్వలేదు నేను. ఆ ఒక్క పంక్తి పదకొండుసార్లు తిరగరాశాను. పత్రం జనవరిలో అచ్చయింది. దాన్ని పట్టుకుని జపాను నుంచి ఒకరు, బ్రెజిల్ నుంచి ఇద్దరు మేడంకి రాశారు, ఆమె పత్రం నకలు పంపమని. ఇప్పుడు అందరూ ఆరో పేజీ చదువుతున్నారు.

డిసెంబరులో నేను రాలేదని నువ్వు ఒక్క మాటా అనలేదు. నీ రుణం ఎలా తీర్చుకోను?

కిందటి నెల మేడం కొత్త పద్ధతి నా బల్ల మీద పెట్టారు. అందులో ఆమె మొదట ఉదహరించింది నా పత్రాన్నే. "ఇంకా ఎవరికీ చూపించలేదు. సోమవారం నుంచి దీన్ని విరగ్గొట్టు, మొహమాటపడ్డావంటే ఊరుకోను" అన్నారు.

ఐదు వారాలుగా, తెలిసిన దారులన్నిటా, పూర్తి బలంతో తోస్తున్నాను అమ్మా. కదలడం లేదు. ఓడిపోతున్నానని ఇంత సంతోషంగా నీకెప్పుడూ రాసి ఉండను.

నీ
మైతేనా