హాబ్స్‌బర్గుల మేనరికం

రాజాం

ప్రియమైన నరసింగన్నయ్యకి,

నీ చెల్లెలు శైలజ నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. అక్కడ నువ్వూ వదినా శ్రావణీ కులాసాగానే ఉన్నారని తలుస్తాను. నేను మాత్రం ఈమధ్య ఒకచోట కూర్చోలేకపోతున్నాను. పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి వెళ్ళిపోతున్నాను. జబ్బేమీ లేదు, కంగారుపడకు. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. వదిన స్పీకర్ పెడుతుంది, జయపురం బజారంతా వింటుంది.

నువ్వడిగినవాటికి జవాబులు. మీ బావ మోకాలి నొప్పి తగ్గింది. మడిచెక్కలో ఊడ్పులు అయ్యాయి. మా అబ్బాయి త్రినాథ్ ఉద్యోగం పర్మనెంట్ అయింది. మాఘంలో వాడికీ శ్రావణికీ పెళ్ళి ముహూర్తం పెట్టించమంటావా అని కూడా అడిగావు. అది చెప్పేముందు మా క్లాసులో జరిగింది విను.

డిగ్రీ పిల్లలకి హాబ్స్‌బర్గ్ వంశం చెబుతున్నాను. స్విట్జర్లాండ్‌లో కొండమీద చిన్న కోట వాళ్ళది, మన బొబ్బిలి కోటలో ఓ మూలకి సరిపోతుంది. పదమూడో శతాబ్దంలో జర్మనీ దొరలందరూ కూడి, వీడైతే మన మాట వింటాడులే అని ఆ ఇంటి రుడాల్ఫ్‌ని రాజుని చేశారు. ఆయన ఆస్ట్రియాని చేజిక్కించుకుని కొడుకులకిచ్చాడు. కూతుళ్ళని ఆ దొరల ఇళ్ళకే ఇచ్చాడు. తర్వాతివాళ్ళూ అంతే, కత్తులకంటే పెళ్ళిళ్ళతోనే ఎక్కువ నేల కలుపుకుని స్పెయిన్ దాకా పాకారు. కలిపింది బయటికి పోతుందేమోనని భయం పట్టుకున్నాక ఇంట్లోనే ఇచ్చిపుచ్చుకున్నారు. మేనమామే మేనకోడల్ని చేసుకున్నాడు.

బోర్డు మీద ఆ చుట్టరికాలు గీస్తుంటే ముందు బెంచీ పిల్ల లేచింది.

"ఏటి మేడం, మావని సేసుకుంటే తప్పేటి? మా అమ్మ సేసుకోలేదా?"

క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. పుస్తకాలు పేజీలకి పేజీలు విడమరిచే చుట్టరికం మన పిల్లలకి ఒక్క ముక్కలో అర్థమైపోయింది. స్పెయిన్‌లో ఆ ఇంటి చివరి రాజు తిండి కూడా సరిగ్గా నమల్లేకపోయేవాడనీ, రెండు పెళ్ళిళ్ళు చేసుకున్నా పిల్లల్లేక ఆ శాఖ అక్కడితో ఆగిపోయిందనీ చెప్పినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

పిల్లలు వెళ్ళాక బోర్డు తుడవబోయి ఆగాను. రాజుల పేర్లు చెరిపి మనవాళ్ళవి రాశాను. అమ్మమ్మ తన మేనబావని, అమ్మ తన మేనమామని, నేను మన మేనమామ కొడుకుని. అంతా మడిచెక్క గట్టు దాటకూడదనే కదా! కింద త్రినాథ్ పేరు రాశాను. పక్కన శ్రావణి పేరు రాయడానికి చెయ్యి రాలేదు.

ఇంటికొచ్చి వాణ్ణి అడిగాను, శ్రావణంటే నీకు ఇష్టమేనా అని.

"ఇష్టమేటమ్మా, మీరు అనీసుకున్నారు గదా," అన్నాడు చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ.

అన్నయ్యా, నీకు దాచిన మాట ఒకటుంది. నా పెద్దాడు పుట్టిన వారానికే పోయాడు కదా. ఉమ్మనీరు తాగేశాడని నీకు చెప్పాం. అది నిజం కాదు. తరతరాలుగా లోపలే చేసుకుంటున్నారా అని విశాఖలో డాక్టరు అడిగాడు. దానివల్లే కావచ్చన్నాడు. మా సంబంధం కుదిర్చింది నువ్వు. తెలిస్తే అన్నం ముట్టవని నోరు మూసుకున్నాను. త్రినాథ్ బాగా పుట్టాడు, అమ్మవారి దయ. ఆ తల్లిని మళ్ళీ పరీక్షించే ధైర్యం నాకు లేదు. ఈ పెళ్ళి వద్దు.

శ్రావణి పుట్టగానే నా కోడలే అని ఎత్తుకున్నదీ నేనే, వద్దంటున్నదీ నేనే. తిట్టదలిస్తే నన్నే తిట్టు. దానికి మంచి సంబంధం నేనూ వెతుకుతాను. మేనత్తగా నా చేతులమీద జరగాల్సినవన్నీ జరిపిస్తాను.

ఏటా సిరిమాను పండగకి నువ్వొచ్చి నన్ను విజయనగరం తీసుకెళ్తావు. ఈసారి రావేమోనని భయంగా ఉంది. అయినా పండగనాడు, ఆ మంగళవారం పొద్దున్నే చీర మార్చుకుని అరుగు మీద కూర్చుంటాను.

ఇట్లు,
వియ్యపురాలు కాకపోయినా చెల్లెలిగా మిగలాలనుకుంటున్న
నీ శైలజ